రెండు బండల దగ్గర బాణం

సోమవారం మధ్యాహ్నం, కొట్టు నుంచి

ప్రియమైన బావకి,

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావేమో. నవ్వుకో. ఇది ఫోనులో చెప్పే సంగతి కాదు. ఇంట్లో మాట్లాడితే మీ చెల్లెలి చెవులు గోడ అవతల నుంచి కూడా పనిచేస్తాయి, కొట్లో మాట్లాడితే వీధంతా వింటుంది. మనిద్దరం ఒకే గురువు దగ్గర ఒకే డబ్బాలో కుంచెలు ముంచి బోర్డులు రాయడం నేర్చుకున్నవాళ్ళం. తర్వాత నువ్వు చెల్లెల్ని నాకిచ్చి బావవయ్యావు, కుంచె వదిలేసి మిషను మీద బోర్డులు అచ్చు వేసుకుంటూ పెద్దమనిషివీ అయ్యావు. నేనింకా చేత్తోనే రాసుకుంటున్నాను. నా కడుపులో మంట చెప్పుకోవడానికి నువ్వు తప్ప నాకెవరున్నారు?

సూటిగా చెప్పేస్తాను. మీ చెల్లెలు నా చేతిలోంచి జారిపోతోంది.

మా ఊరి చివర కొండ, దాని చుట్టూ సర్కారు అడవి నీకు తెలుసు కదా. బస్సు ఆఖరి స్టాపులో దిగితే ఎదురుగా గేటు. ఒకప్పుడు అటువైపు ఎవరూ తొంగి చూసేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆదివారం వచ్చిందంటే సగం నగరం అక్కడే. సైకిళ్ళ వాళ్ళు, గుడారాల వాళ్ళు, చెట్ల మధ్య ఊయల కట్టుకుని పడుకునేవాళ్ళు, కుక్కల్ని షికారుకి తెచ్చేవాళ్ళు. జనం దారి తప్పకుండా అడవి ఆఫీసు వాళ్ళు బండల మీద పసుపుపచ్చ బాణాలు రాయించారు. రాసింది నేనే. తొమ్మిదేళ్ళ కింద, నెల రోజులు ఎండలో మాడి, నూట నలభై బాణాలు రాశాను. అంటే మీ చెల్లెలు నా బాణాలు పట్టుకునే నాకు దూరంగా నడిచిపోతోందన్నమాట!

అమ్మాయి హాస్టలుకి వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. మీ చెల్లెలికి లైబ్రరీలో పుస్తకాలకి అట్టలు వేసే పని మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. ఎవరో చెప్తే ఆదివారం నడక గుంపులో చేరింది. సరే, నడిస్తే ఒంటికి మంచిదే కదా, చేరనీ అనుకున్నాను. ఆ గుంపుని ముందుండి నడిపించేవాడు ఎలాంటివాడో అప్పుడు నాకెవరు చెప్పారు?

వాడి పేరు పిట్టల మాస్టారు. రిటైరైన లెక్కల మాస్టారట. అరవై దాటినా కడ్డీలా నిటారుగా ఉంటాడు. తెల్లగడ్డం, మెడలో ఈల, ఆఫీసు వాళ్ళిచ్చిన ఆకుపచ్చ కోటు. ఏ పిట్ట కూసినా పేరు చెప్తాడట. ఇప్పుడు మా ఇంట్లో ఆ పిట్టలే తప్ప ఇంకో ఊసు లేదు. నేనేదో చెప్పబోతే మీ చెల్లెలు వేలు పెదాల మీద పెట్టి, "ఉష్, వినండి, మాస్టారు చెప్పారే, అదిగో అదే!" అంటుంది. నిన్న అది నడక నుంచి వచ్చింది మొదలు పడుకునేదాకా లెక్కపెట్టాను బావా. "మాస్టారు చెప్పారు" అనే మాట పదిహేడుసార్లు వచ్చింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో "మా ఆయన చెప్పారు" అని పదిహేడుసార్లు అనుంటుందా?

ఆదివారం టిఫిన్ డబ్బాలు రెండు కడుతోంది. రెండోది ఎవరికమ్మా అంటే, "మాస్టారు ఒంటరిమనిషి కదండీ, పాపం" అంది. నేనూ ఆదివారం ఒంటరిమనిషినే కదా!

నేనేం ఊరుకోలేదు. ఒక ఆదివారం నేనూ వస్తానని బయల్దేరాను. పాపం, సంబరపడింది. కొత్త సీసాలో నీళ్ళు పోసిచ్చింది. మొదటి ఎక్కుడులోనే నాకు ఆయాసం ముంచుకొచ్చింది. నిచ్చెన మీద నిలబడి పనిచేసే ఒళ్ళే గానీ కొండలెక్కే ఒళ్ళు కాదు నాది. ఇరవై మంది చూస్తుండగా ఆ మాస్టారు వచ్చి నా మోచెయ్యి పట్టుకుని, "సార్, మీరు ఇక్కడే నీడలో కూర్చోండి. తిరిగొచ్చేటప్పుడు మిమ్మల్ని పిలుచుకెళ్తాం" అన్నాడు. మర్చిపోయిన గొడుగుని తీసుకెళ్ళినట్టు! రెండు గంటలు కూర్చున్నాను బావా. దోమల్ని తోలుకుంటూ, చీమల్ని చూసుకుంటూ. పైనుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. అందులో మీ చెల్లెలి నవ్వు ఏదో నాకు వేరే చెప్పక్కర్లేదు. అంత గట్టిగా అది నా దగ్గర నవ్వి ఎన్నేళ్ళయిందో. ఆ రోజు నుంచి మళ్ళీ అటు వెళ్ళలేదు.

ఇంతవరకూ అయితే ఓర్చుకునేవాణ్ణి. మొన్న బియ్యం డబ్బా వెనక, నేను అక్షరాల నమూనాలు రాసుకునే అట్టముక్క ఒకటి దొరికింది. దాని వెనక మీ చెల్లెలి రాత. "ఉత్తరం దారి. గేటు, వెదురు పొద, రెండు బండలు, చెరువు." కింద వచ్చే ఆదివారం తారీఖు. వాళ్ళు ఇదివరకెప్పుడూ ఆ దారిన వెళ్ళలేదు. చెరువు గట్టున ఏం పని? దాచుకోవడం దేనికి? అడుగుదామని లోపలికి వెళ్తుంటే ఫోనులో దాని మాట వినపడింది. "ఆయనకి ఇప్పుడే చెప్పొద్దు మాస్టారూ. అయ్యాక నేనే చెప్తాను."

ఆయన అంటే ఎవరు? నేనే కదా. ఏం అయ్యాక?

రెండు రోజులుగా పని సాగడం లేదు. మందుల షాపు బోర్డులో ఒక అక్షరం ఒంకరపోయింది. నా చేతిలో అక్షరం ఒంకరపోవడం నువ్వెప్పుడైనా చూశావా? నాకేదైనా దారి చెప్పు.

ఒళ్ళు మండిపోతున్న
నీ బావ


శనివారం సాయంత్రం

బావా,

నీ జవాబు అందింది. చాలా గొప్ప సలహా ఇచ్చావు. "నీ బుర్రకి పెయింటు పొగ పట్టింది, పిచ్చి వేషాలు మాని దాన్నే అడుగు" అంటావా? నీ చెల్లెలు కాబట్టి నీకు నమ్మకం. నా పెళ్ళాం కాబట్టి నాకు భయం. అడిగితే "అవును" అంటుందేమోనని ఎందుకు అర్థం చేసుకోవు?

అయినా నీ మాట కొట్టెయ్యలేదు. వేరే దారిలో అడిగాను. "ఈ ఆదివారం నడక మానెయ్, ఇద్దరం సినిమాకి వెళ్దాం" అన్నాను. మేం సినిమాకి వెళ్ళి నాలుగేళ్ళయింది. దాని మొహం చూడాలి బావా. చిన్నపిల్లలా నా చెయ్యి పట్టేసుకుని, "ఈ ఒక్క ఆదివారం వద్దండీ. ఆ తర్వాత మీరెక్కడికంటే అక్కడికి వస్తాను" అంది. కళ్ళు మెరిసిపోతున్నాయి. ఆ మెరుపు నాకోసం కాదని తెలిసి ఎలా ఊరుకోమంటావు?

ఇప్పుడు నేను చేసిన పని చెప్తాను. తిట్టాలనుకుంటే చివరిదాకా చదివి తిట్టు.

ఆ మాస్టారుకి ఒక పాఠం ఉంది. "కాళ్ళని నమ్మొద్దు, బాణాన్ని నమ్మండి. బాణం చూడందే అడుగు వెయ్యొద్దు" అని గుంపుకి ప్రతి ఆదివారం వల్లె వేయిస్తాడు. మీ చెల్లెలు వంటింట్లో కూడా అదే పాట. సరే మాస్టారూ, నువ్వు నమ్మే బాణం ఎవరిదో చూద్దువుగాని అనుకున్నాను.

ఇవాళ పొద్దున అది లైబ్రరీకి వెళ్ళగానే పసుపు డబ్బా, బూడిద రంగు డబ్బా, రెండు బ్రష్షులు సంచిలో వేసుకుని బస్సెక్కాను. గేటు దగ్గర కాపలా ముసలాయన నన్ను గుర్తుపట్టాడు. "ఏం పెయింటరుగారూ, చాన్నాళ్ళకి! బాణాలు వెలిసిపోయాయా?" అన్నాడు. "అవును తాతా, కాస్త రంగు తగిలిస్తే పోలా" అన్నాను. పాపం, తాగమని నీళ్ళిచ్చి మరీ పంపించాడు.

ఉత్తరం దారిలో వెదురు పొద దాటాక రెండు పెద్ద బండలున్నాయి. అక్కడ దారి చీలుతుంది. కుడివైపు వెళ్తే చెరువు. ఎడమవైపు వెళ్తే పాత రాళ్ళ గని గోతిలోకి దిగుతుంది. దిగడం సులువే. ముళ్ళపొదలే తప్ప అవతలికి దారి లేదు, ఎక్కి రావాలంటే ప్రాణం పోతుంది. బండ మీద నా పాత బాణం కుడివైపు చూపిస్తోంది. దాన్ని బూడిద రంగుతో మూసేశాను. ఉత్తినే మూసెయ్యలేదు బావా, బండ రంగుకి బండ రంగు, మచ్చకి మచ్చ కలిపాను. రెండడుగుల దూరం నుంచి నువ్వు చూసినా కనిపెట్టలేవు. ఎడమవైపు కొత్త బాణం వేశాను. ఆరాక మట్టి రుద్ది, ఎండుటాకులతో రాసి, తొమ్మిదేళ్ళ ముసలిదాన్ని చేశాను. వెనక్కి జరిగి చూసుకుంటే, నిజం చెప్తున్నా, ఒళ్ళు పులకరించింది. ఈ మధ్య ఇంత మంచి పని నా చేతిలోంచి రాలేదు. మెచ్చుకోవడానికి పక్కన ఎవరూ లేకపోవడమే లోటు.

రేపు ఆ ఆకుపచ్చ కోటు ముందూ, ఇరవై మంది వెనకా ఆ గోతిలో దిగుతారు. ముళ్ళు గుచ్చుకుంటాయి, కోటు చిరుగుతుంది. ఈల ఎంత ఊదినా దారి దొరకదు. అన్నీ తెలిసిన మాస్టారు దారి తప్పించాడని మీ చెల్లెలు కళ్ళారా చూస్తుంది. అంతకుమించి నాకేం వద్దు. ఒక్క గంట వాడి పరువు పోతే చాలు. మీ చెల్లెలికి కాస్త గీసుకుపోతుందేమో, ఇంటికొస్తే నేనే మందు రాస్తాను.

చాలా రోజుల తర్వాత ఆకలేసింది. రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. మీ చెల్లెలు ఎదురుగా కూర్చుని నన్ను చూసి నవ్వుతోంది. రేపటి సంగతి ఇద్దరం దాచుకుని ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటున్నాం.

నీ
బాణాల బావ


గురువారం

బావా,

నీకు ఈ ఉత్తరం రాయకూడదని మూడు రోజులు గింజుకున్నాను. రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఆదివారం మధ్యాహ్నానికి రావలసిన మనిషి సాయంత్రం అయిదింటికి వచ్చింది. చెప్పులు గుమ్మంలో వదిలింది. చీర చిరిగింది, చేతుల నిండా గీతలు. నేను ఎదురుచూస్తూనే ఉన్నాను కదా, నోటి దురద ఆగలేదు. "ఏం, మీ మాస్టారు దారి తప్పాడా?" అన్నాను. వెకిలిగా నవ్వాను కూడా.

"మాస్టారు రాలేదండీ. నేనే తీసుకెళ్ళాను" అంది.

బావా, అది వాళ్ళ పరీక్షట. గుంపుని నడిపించే పని కావాలంటే అడవి ఆఫీసు వాళ్ళు ఎప్పుడూ తొక్కని దారి ఒకటి ఇస్తారట. పదకొండు మందిని ఒంటరిగా, బాణాలు చూసుకుంటూ, అవతలి చివరికి చేర్చాలి. చెరువు గట్టున ఆఫీసరమ్మ కాగితం పట్టుకుని కూర్చుంటుంది. చేరిస్తే ఆకుపచ్చ కోటు ఇస్తారు. మీ చెల్లెలు పదకొండు మందినీ గోతిలోకి దింపింది. గుంపులో ఒక రిటైరైన నర్సమ్మ ఉంది, రాయి జారి ఆవిడ మణికట్టు విరిగింది. అందరూ బయటపడేసరికి నాలుగు గంటలు పట్టింది. ఆఫీసరమ్మ ఏం రాసిందో తెలుసా? "మనుషుల ప్రాణాలు అప్పగించదగిన వ్యక్తి కాదు." ఆ వాక్యం మీ చెల్లెలు నాకు వార్త చదివినట్టు చదివి వినిపించింది. ఏడవలేదు. సూది తెచ్చి నా చేతికిచ్చి, "ముళ్ళు తియ్యండి, నాకు కళ్ళజోడు పెట్టుకున్నా కనపడ్డం లేదు" అని అరచెయ్యి చాపింది. తొమ్మిది ముళ్ళు తీశాను. నేను గుచ్చిన ముళ్ళు నేనే.

సోమవారం దానికి చెప్పకుండా మళ్ళీ వెళ్ళాను. ఎడమ బాణం ఆనవాలు లేకుండా గీకేశాను, కుడి బాణం మళ్ళీ వేసి పాతదానిలా మట్టి రుద్దాను. ఇంకెవరైనా పడితేనో అనే భయం. తప్పు దిద్దుకుంటున్నాననే అనుకున్నాను. ఎంత తెలివితక్కువ వెధవనో విను. మంగళవారం ఆఫీసరమ్మ మీ చెల్లెల్ని వెంటబెట్టుకుని అక్కడికి తనిఖీకి వెళ్ళిందట. ఎందుకంటే ఇది "బాణం ఎడమవైపే ఉందమ్మా" అని చెప్పింది. వెళ్ళి చూస్తే బాణం చక్కగా కుడివైపు! నర్సమ్మేమో, "బాణం సంగతి నాకు తెలీదు, నా కళ్ళజోడు సంచిలో ఉంది. చెరువు కుడివైపు అని నేను మొత్తుకున్నాను, ఈవిడ వినలేదు" అందట. మిగతావాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ వెనక నడిచారు, బాణం ఎవరు చూశారు? దాంతో మీ చెల్లెలు దారి తప్పిన మనిషే కాదు, అబద్ధాలకోరు కూడా అయింది. శనివారం పదింటికి ఆఫీసులో విచారణ. ఇక జన్మలో కోటు ఇవ్వాలో వద్దో తేలుస్తారట.

నిన్న ఆ మాస్టారు మా ఇంటికొచ్చాడు. నా కుర్చీలో కూర్చున్నాడు. అది టీ ఇచ్చింది. ఇంత జరిగాక కూడా, బావా, ఆ కప్పు పట్టుకున్న వాడి చేతిని చూస్తే నాకు కడుపు మండింది. వాడేమన్నాడో తెలుసా? "సార్, తప్పు నాది, తొందరపడి పరీక్షకి పంపాను. మీ ఆవిడ ఎందుకు అంత ఆరాటపడిందో తెలుసా? మెల్లగా నడిచేవాళ్ళ గుంపు ఒకటి పెడతానని ఆఫీసులో అడిగింది. ఆయాసం వచ్చేవాళ్ళ కోసం, పది అడుగులకి ఒకసారి ఆగేవాళ్ళ కోసం. 'మా ఆయన్ని ఆ రోజు చెట్టుకింద కూర్చోబెట్టాం మాస్టారూ, నాకు మనసు ఒప్పలేదు' అంది. కోటు వేసుకొచ్చి మీకు చూపించి, మొదటి పేరు మీదే రాసుకుంటానంది. అందుకే మీకు చెప్పొద్దని నన్ను బతిమాలింది" అన్నాడు.

మీ చెల్లెలు తల వంచుకుని కప్పులు తీసుకుని లోపలికి పోయింది.

చెప్పెయ్యమంటావు, నాకు తెలుసు. ఎలా చెప్పను? చెప్తే ఊళ్ళో నా బోర్డు ఒక్కటి నిలుస్తుందా? అది పోతే పోనీ, మీ చెల్లెలు మళ్ళీ నా మొహం చూస్తుందా? నోరు మూసుకుంటే నాలుగు రోజుల్లో సద్దుమణిగిపోతుంది. ఇంకో సంగతి కూడా నీ దగ్గర దాచను. ఇకనుంచి ఆదివారాలు అది ఇంట్లోనే ఉంటుంది. పిట్టలూ ఉండవు, మాస్టారూ ఉండడు. మనసులో ఒక మూల ఆ సంతోషం కూడా ఉంది. ఎంత నీచుణ్ణో చూడు. అందుకే చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. నువ్వు కూడా నోరు మెదపకు.

నీ
పాపిష్టి బావ


శుక్రవారం పొద్దున

ఏమండీ,

ఎదురుగా చెప్తే మధ్యలో అడ్డొస్తారు, లేకపోతే లేచి కొట్టుకి వెళ్ళిపోతారు. అందుకని రాసి మీ బల్ల మీద పెట్టి లైబ్రరీకి వెళ్తున్నాను. సాంతం చదవండి.

ఆదివారం నేను దారి తప్పలేదు.

రెండు బండల దగ్గరికి వచ్చాం. నర్సమ్మగారు కుడివైపు అన్నారు. ఆవిడ ఇరవై ఏళ్ళుగా ఆ అడవిలో తిరుగుతున్న మనిషి. నాకూ చల్లగాలి కుడివైపు నుంచే వస్తున్నట్టు అనిపించింది, నీళ్ళు అటే ఉండాలి అనుకున్నాను. బాణం మాత్రం ఎడమవైపు ఉంది. ఎవరో ఆకతాయిలు గీశారేమోనని వంగి చూశాను. బాణం మొన దగ్గర బ్రష్షు ఎత్తేటప్పుడు మీరు మణికట్టు కాస్త లోపలికి తిప్పుతారు, అక్కడ రంగు సన్నటి తోకలా ఆగుతుంది. ఆ తోక ఉంది. అది మీ చెయ్యి. ఇంకేం ఆలోచించలేదు. "ఎడమవైపే అమ్మా, ఇందులో తప్పుండదు" అన్నాను. ఎందుకు తప్పుండదో ఆవిడకి చెప్పలేదు. మా ఆయన రాశారని చెప్తే గొప్పలు పోయినట్టు ఉంటుందని సిగ్గేసింది.

గోతిలో ముళ్ళ మధ్య నిలబడి కూడా మిమ్మల్ని అనుమానించలేదండీ. తొమ్మిదేళ్ళ కింద ఎండలో నూట నలభై బాణాలు రాసి రాసి ఒకచోట పొరపాటు పడుంటారు, పాపం అనుకున్నాను. ఆఫీసులో బాణం ఎడమవైపు ఉందని మాత్రమే చెప్పాను. రాసింది ఎవరని వాళ్ళు అడగలేదు, నేనూ అనలేదు. మీకు చెడ్డపేరు రాకూడదని నేను చెడ్డపేరు తెచ్చుకున్నాను.

మంగళవారం ఆఫీసరమ్మతో వెళ్తే బాణం కుడివైపు ఉంది. వంగి చూశాను. మళ్ళీ అదే తోక. ఇంకా టర్పెంటైన్ వాసన పోలేదు. ఆ వాసనతో ఇరవై ఆరేళ్ళు కాపురం చేశాను, అది కొత్తదో పాతదో నాకెవరూ చెప్పక్కర్లేదు. అక్కడే కూలబడిపోయాను. ఆవిడ నాకు ఎండదెబ్బ తగిలిందనుకుని నీళ్ళిచ్చింది.

ఎందుకు చేశారో కూడా మొన్న మాస్టారు మాట్లాడుతుంటే మీ మొహం చూసి తెలుసుకున్నాను. ఆయన టీ కప్పు వంక మీరు చూసిన చూపు నేను వంటింట్లోంచి చూశాను. ఛీ! ఆ పెద్దమనిషి నన్ను "అమ్మా" అని పిలుస్తాడు. ఆయన భార్య పోయి పదేళ్ళయింది, ఇప్పటికీ ఆవిడ చెప్పులు గుమ్మం దగ్గరే ఉంచుకున్నాడు. మీకు అనుమానం వస్తే నన్ను అడగలేకపోయారా? జుట్టు పట్టుకుని అడిగినా ఇంత బాధపడేదాన్ని కాదు. పదకొండు మంది నా మాట మీద గోతిలోకి దిగారు. నేను మీ చేతి మీద దిగాను.

మంగళవారం నుంచి చూస్తున్నాను, మీరే చెప్తారేమోనని. అన్నం పెడుతూ చూశాను. మంచినీళ్ళిస్తూ చూశాను. మీరు కంచంలోంచి తల ఎత్తలేదు.

రేపు పదింటికి ఆఫీసులో నేనేమీ చెప్పను. మీ పేరు నా నోట రాదు. అది మీ మీద ప్రేమ అనుకునేరు, కాదు. చెప్పాల్సింది నేను కాదు కాబట్టి. మీరు రాకపోతే వాళ్ళు ఏది రాస్తే దాని కింద సంతకం పెట్టి ఇంటికొస్తాను. వంట చేస్తాను, అట్టలు వేస్తాను, ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను. మీకు కావలసింది అదేగా. కానీ ఇక మీరు ఎటు చూపించినా నేను అటు చూడను.

ఇట్లు,
మీ భార్య


ఆదివారం మధ్యాహ్నం, బస్సు స్టాపు బెంచీ మీద నుంచి

బావా,

వెళ్ళాను. మీ చెల్లెలికి అంతా తెలిసిపోయింది, ఉత్తరం రాసి నా బల్ల మీద పెట్టింది. అది చదివి, శనివారం తొమ్మిదిన్నరకే వెళ్ళి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. మీ చెల్లెలు వచ్చింది, నన్ను చూసింది, పలకరించకుండా లోపలికి వెళ్ళింది. బల్ల అవతల ఆఫీసరమ్మ, ఇవతల కట్టు కట్టిన చేత్తో నర్సమ్మ, పక్కన మాస్టారు. "ఆ బాణం నేను తిప్పానమ్మా. మళ్ళీ నేనే తిప్పేశాను. ఈవిడ చెప్పింది నిజం" అన్నాను. ఆఫీసరమ్మ "ఎందుకు?" అంది. మాస్టారు వంక చూశాను. ఆయన ఎదురుగా ఆ మాట ఎలా చెప్పను? అయినా చెప్పాను. "ఈయన మీద కుళ్ళు" అన్నాను. మాస్టారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. నర్సమ్మ మాత్రం నన్ను తిట్టిన తిట్లు నీకు రాయలేను. అన్నీ సబబైనవే. కట్టు విప్పేదాకా ఆవిడ ఇంటి నీళ్ళూ సరుకులూ మోసే పని నాదే. ఆవిడే పెట్టింది, నేను ఒప్పుకున్నాను.

మీ చెల్లెలికి కోటు ఇచ్చారు. మళ్ళీ పరీక్ష అక్కర్లేదన్నారు. దారి లేని గోతిలోంచి, చెయ్యి విరిగిన మనిషితో సహా, పదకొండు మందినీ ప్రాణాలతో పైకి తెచ్చింది కదా, అంతకంటే పరీక్ష ఏముందని ఆఫీసరమ్మే అంది.

నాకు రెండు శిక్షలు. నేను రాసిన ఒక్క బాణాన్ని కూడా ఇక నమ్మలేమన్నారు. నూట నలభై చెరిపేసి, అచ్చు వేసిన రేకులు బిగిస్తారట. ఆ పని మీ మిషనుకే వచ్చినా ఆశ్చర్యపోను, వస్తే తీసుకో, నేనేమీ అనుకోను. రెండోది, ఏడాది పాటు ఆ గేటు దాటి లోపలికి అడుగు పెట్టకూడదు. కాపలా తాత చేతికి నా ఫోటో ఇచ్చారు. పాపం, ఆయన నా మొహం చూడలేక తల తిప్పుకుంటున్నాడు.

ఇంట్లో మీ చెల్లెలు కూర కావాలా, దీపం ఆర్పనా అని అడుగుతోంది. అంతవరకే. నేను అంతకుమించి ఆశించడం లేదు.

ఇవాళ దాని మొదటి నడక. ఆ గుంపుకి "నిదానం గుంపు" అని పేరు పెట్టారు. నేను వేరే బస్సులో వచ్చి గేటుకి ఇవతల ఈ బెంచీ మీద కూర్చున్నాను. ఇది రోడ్డు కాబట్టి ఎవరూ లేవమనలేదు. ఆకుపచ్చ కోటు దానికి కాస్త వదులైంది, చేతులు మడుచుకుంది. పేర్లు చదివి ఒక్కొక్కళ్ళనీ లోపలికి పిలిచింది. మొదటి పేరు ఎవరిదో తెలియని పేరు. పది మందీ వెళ్ళాక ఆఖర్న ఒక లావుపాటాయన మిగిలాడు. నా వయసే. పది అడుగులు వేసి నడుం మీద చేతులు పెట్టుకుని ఆగిపోయాడు. నాలాగే ఆయాసపడుతున్నాడు, నాలాగే సిగ్గుపడుతున్నాడు. మీ చెల్లెలు ముందు వెళ్ళేవాళ్ళని ఆపి, అంత దూరం నుంచి వెనక్కి నడిచొచ్చింది. ఆయన పక్కన నిలబడి, తొందరేమీ లేనట్టు చెట్టు పైకి ఏదో పిట్టని చూపించింది. ఆయనకి ఊపిరి అందేదాకా అలా చూపిస్తూనే ఉంది. తర్వాత ఇద్దరూ మెల్లగా నడుచుకుంటూ మలుపు తిరిగిపోయారు.

ఆ మాస్టారు మీద నాకిప్పుడు ఏ కుళ్ళూ లేదు బావా. ఆ లావుపాటాయన్ని తలుచుకుంటే మాత్రం ఇక్కడ కూర్చోలేకపోతున్నాను. ఆ చోటు నాది.

నీ
బావ